కతోలిక పాఠశాల హక్కు ఎవరిది?

2025వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన సుప్రీముకోర్టునందు ఇద్దరు న్యాయమూర్తులు గల ధర్మాసనము ఒక ప్రశ్నను ప్రధాన న్యాయమూర్తి సముఖమునకు పంపెను. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు 2009 నాటి విద్యాహక్కు చట్టము వర్తింపనే వర్తింపదని 2014లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పియుండెను. ఆ తీర్పు సమంజసమేనా, అంతకంటె పెద్ద ధర్మాసనము దానిని మరల పరిశీలింపవలదా, అనునదియే ఆ ప్రశ్న. ఇట్టి ప్రశ్న లేచినప్పుడెల్ల రెండు కేకలు వినవచ్చుట మన దేశమున పరిపాటియైనది. అల్పసంఖ్యాకుల నోటికాడి కూడు లాగుకొనుచున్నారని ఒకరు. ఇన్నాళ్లకు మిషనరీ బళ్లకు ముకుతాడు పడినదని వేరొకరు. ఈ రెండు కేకల నడుమ, అసలా హక్కు ఎవరికి ఈయబడినదో, దానిని ఎవరికొరకు వాడవలయునో అడుగువారు కానరారు. మాకు తోచినంతవరకు వివాదమంతయు నిచ్చటనే యున్నది. పాఠశాల ఎవరికొరకు పుట్టెనో వారిది హక్కు. నడుపువారు ధర్మకర్తలు.

మాట గాలిలో తేలిపోకుండుటకై ఒక పాఠశాలను ఉదాహరణముగ గైకొందము. హైదరాబాదు నగరమున గన్‌ఫౌండ్రీ యను పేటలోని ఆల్ సెయింట్స్ హైస్కూలు 1855లో స్థాపితమైనది. అనగా సిపాయీల తిరుగుబాటునకు రెండేండ్లు ముందు. నిజాము కొలువులోని ఫ్రెంచి దళపతి రేమండు చేయించిన ఫిరంగుల కార్ఖానా 1795లో ఆ ప్రాంతమున నెలకొనుటచేత పేటకా పేరు వచ్చెను. నగరవాసులు దానిని తోప్ కా సాంచా యందురు. ఫిరంగులు పోతపోసిన నేలపై నిప్పుడు సెయింటు జోసెఫు ప్రధాన దేవాలయమును, బాలురకు ఆల్ సెయింట్సును, బాలికలకు 1904లో వెలసిన రోజరీ కాన్వెంటును ఒకదానికొకటి కూతవేటు దూరమున నిలిచియున్నవి. ఆల్ సెయింట్స్ నిర్వహణము గాబ్రియేలు సోదరులది. నగరపు నడిబొడ్డున నుండుటచేత దాని బల్లలపై అన్ని మతముల బిడ్డలును, ఉర్దూ, తెలుగు, తమిళము, ఆంగ్లము ఇంటిభాషగా గల బిడ్డలును కలిసి కూర్చుండిరి. తాను ఆడిన మొదటి మూడు టెస్టు పందెములలోను మూడు శతకములు సాధించిన మహమ్మదు అజారుద్దీను ఆ బడిలో చదివినవాడే. అంతకు ముందుతరము క్రీడాకారుడు సయ్యదు ఆబిదు ఆలీయు నక్కడి విద్యార్థియే. ముస్లిము గృహముల పిల్లలు శిలువ నీడనున్న బడిలో చదివి, తమ మతమునకు లోటు లేకుండ బయటికి వచ్చి, దేశముపక్షమున ఆడిరి. దీనిని మతములు కలహించుకొను నీ దినములలో ఒకమారు జ్ఞప్తి చేసికొనుట మంచిదే.

అయితే న్యాయశాస్త్రము చదువువారికి ఆ పాఠశాల పేరు వేరొక కారణమున సుపరిచితము. 1975లో ఆంధ్రప్రదేశ శాసనసభ ప్రైవేటు విద్యాసంస్థల అదుపునకై ఒక చట్టము చేసెను. ఆ కాలమున ప్రైవేటు బళ్లలో ఉపాధ్యాయుని ఉద్యోగము యజమాని ముఖము చూచి బ్రతుకు ఉద్యోగముగ నుండెను. ప్రభుత్వాధికారి ముందుగా అంగీకరించిననే గాని ఏ ఉపాధ్యాయునిగాని బర్తరఫు చేయరాదని ఆ చట్టపు 3వ విభాగము మొదటి యుపవిభాగములో విధింపబడెను. సస్పెన్షను రెండు మాసములకు మించి సాగరాదనియు, తొలగింపబడినవాడు పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చుననియు, జీతములు నియమితమైన తేదీకి చెల్లింపవలయుననియు మరికొన్ని విధులు చేర్చిరి. ఇవి తమ నిర్వహణ హక్కును హరించుచున్నవని అల్పసంఖ్యాక సంస్థలు కోర్టుకెక్కెను. వ్యాజ్యము ఆల్ సెయింట్స్ హైస్కూలు పేరనే సుప్రీముకోర్టువరకు పోయి 1980లో పరిష్కారమయ్యెను. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తులు ఫజలలీ, కైలాసములు మువ్వురును వేరువేరు తీర్పులు వ్రాసిరి. మువ్వురి అభిప్రాయములును ఏకముగ లేవు. తుదకు తేలిన దేమనగా, బర్తరఫునకు అధికారి ముందస్తు అనుమతి కావలయునను నిబంధనయు, అప్పీలు నిబంధనయు అల్పసంఖ్యాకుల సంస్థలకు వర్తింపవు. సస్పెన్షను గడువును, జీతము సకాలమున నిచ్చుటయు వారికిని వర్తించును.

ఈ తీర్పును పాఠశాలల యాజమాన్యములు తమ జయపత్రికగా దాచుకొన్నవి. ఉపాధ్యాయ సంఘములు దానిని తలచి నిట్టూర్చినవి. ఇరువురును తీర్పును సగమే చదివిరని మా యభిప్రాయము. న్యాయస్థానము ఆక్షేపించినది ఉపాధ్యాయునికి రక్షణ యిచ్చుటను గాదు. ఏ కొలబద్దయు లేకుండ, ఏ కారణమునకు అనుమతి నీయవలయునో ఏ కారణమునకు నిరాకరింపవలయునో చెప్పకుండ, ఒక అధికారి చేతికి పాఠశాల పగ్గములు అప్పగించుటను ఆక్షేపించినది. విద్యాశాఖ కచ్చేరీల మెట్లు ఎక్కి దిగిన వారికెవరికైనను ఆ భయము అకారణమని తోచదు. యజమాని ఇష్టమునకు బదులు గుమాస్తా ఇష్టము వచ్చిన మాత్రమున ఉపాధ్యాయునికి ఒరుగున దేమి?

కేరళ విద్యాబిల్లు విషయమున 1958లోనే ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఆర్. దాస్ ఈ సంగతిని స్పష్టపరచియుండిరి: నిర్వహించు హక్కులో చెడుగా నిర్వహించు హక్కు చేరియుండదు. ఆ సూత్రమును 1986లో తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి మరికొంత దూరము నడిపించిరి. ఢిల్లీలోని ఫ్రాంకు ఆంథోనీ పబ్లికు స్కూలు ఆంగ్లో ఇండియనులది. ప్రభుత్వపు బడులలోని వారికి సమానముగ తమకును జీతము లీయవలయునని దాని ఉపాధ్యాయులు అడిగిరి. సరియైన జీతము లేనిచోట సరియైన ఉపాధ్యాయుడు నిలువడు. ఉపాధ్యాయుడు నిలువని పాఠశాలకు అల్పసంఖ్యాక హక్కు ఏమి మేలు చేయును, అను తర్కముపై వారి కోరిక నెగ్గెను. బర్తరఫునకు ముందస్తు అనుమతి అక్కరలేదను ఆల్ సెయింట్స్ తీర్పును అట్లే యుంచి, ఢిల్లీ చట్టములోని అప్పీలును మాత్రము చెల్లునని చెప్పిరి. ఏలయన అచ్చటి అప్పీలు ఏ కచ్చేరీ యధికారికో గాదు, జిల్లా న్యాయాధిపతి కూర్చుండు ట్రిబ్యునలునకు. హక్కును, న్యాయమును కలిసి కాపురము చేయగలవని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు మేమడుగున దేమనగా, చట్టము బలవంతపెట్టలేని దానిని పాఠశాల తానై చేయరాదా? దినమున ఆరేడు పీరియడులు చెప్పి, సాయంకాలము పరీక్షపత్రములు దిద్ది, సంవత్సరాంతమున మరల కొలువు దొరకునో లేదోయని ఎదురుచూచు పంతులమ్మ లెందరో నేడు పట్టణపు ప్రైవేటు బళ్లలో నున్నారు. ఇది కతోలికుల బళ్లకే పరిమితమైన రోగము కాదు; కార్పొరేటు బళ్లలో ఇంతకంటె ముదిరియున్నది. పైని పేర్కొన్న పాఠశాలను నిందించుటయు మా యుద్దేశము కాదు. కాని ఇతర యాజమాన్యములకు లేని యొక రక్షణ రాజ్యాంగము కతోలిక సంస్థలకు ఇచ్చినది. ప్రభుత్వాధికారి జోక్యము నొల్లమని న్యాయస్థానమునందు వాదించి గెలిచిన వారిపై, మీ ఇంటిలో న్యాయము ఎట్లు జరుగుచున్నదని అడుగువారికి సమాధానము చెప్పు బాధ్యత అధికముగ నుండును. ఆరోపణ వ్రాతపూర్వకముగ నుండవలయును. సమాధానమునకు వ్యవధి కావలయును. యాజమాన్యమునకు చెందని, విశ్రాంతి గైకొనిన న్యాయాధిపతి యొకరు, ఉపాధ్యాయులు ఎన్నుకొన్న ప్రతినిధి యొకరు కూర్చుండి వినవలయును. ఒక్కొక్క బడికి ఇది భారమనిన, ఒక్కొక్క మేత్రాసనమునకు ఒకటి చాలును. దీనికి శాసనసభ అనుమతి వలదు, కోర్టు అనుమతి వలదు. ఒక సమావేశములో ఒక తీర్మానము చాలును.

ఉపాధ్యాయుని సంగతి ఇట్లుండగా, విద్యార్థి సంగతి ఇంకను చిక్కైనది. రాజ్యాంగపు 30వ అధికరణము తమ ఇష్టానుసారము విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కును అల్పసంఖ్యాకులకు ఇచ్చినది. మఠమునకు ఇచ్చెనని గాని, సొసైటీకి ఇచ్చెనని గాని అందు లేదు. అల్పసంఖ్యాకు లనగా ఎవరు? తెలుగు కతోలికులలో మిక్కిలి పెద్దభాగము పల్లెలలోని మాలమాదిగ వాడలనుండి వచ్చినవారు. వీరి విషయమున చట్టపు విచిత్రము నొకదానిని పాఠకులు గమనింపవలయును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల పట్టికలో మొదట హిందువులకే స్థానము. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. వాడ మారలేదు, బావి మారలేదు, ఊరివారి చూపు మారలేదు; జ్ఞానస్నానము పొందిన మాత్రమున పట్టికలోని పేరు మాత్రము కొట్టివేయబడినది. తెలుగునాట వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగ నేర్పరచి నూటికి ఒకవంతు రిజర్వేషను కల్పించిరి. ఈ చిక్కును విచారించుటకు 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది.

అనగా దళిత క్రైస్తవుని బిడ్డకు షెడ్యూల్డు కులముల తలుపు మూసియున్నది. అతనికొరకు రాజ్యాంగము తెరచియుంచిన పెద్ద తలుపు 30వ అధికరణము. ఆ తలుపు లోపల నున్నది పట్టణపు పెద్ద కతోలిక పాఠశాల. అక్కడికిని వాడు రాలేకపోయినచో, ఆ అధికరణము వాని విషయమున వట్టి సిరాయే. ప్రవేశదినమున గేటువద్ద నిలుచుండు వరుసను చూచినవారికి సంగతి తెలియును. ఆంగ్లమున మాటలాడగల తల్లిదండ్రులు, రుసుము ఒక్కమారుగ చెల్లింపగలవారు, పూర్వవిద్యార్థుల సిఫారసు గలవారు వరుసలో ముందుందురు. గ్రామపు విచారణ గురువులవద్ద నుండి చీటి తెచ్చుకొన్న కూలివాడు, ఉన్నచో, వెనుకనుండును.

ఇది అసాధ్యమైన కోరిక గాదనుటకు దృష్టాంతము ఎచ్చటనో వెదకనక్కరలేదు. కర్నూలు మేత్రాసనములోని చిందుకూరు గ్రామమున 1961లో జన్మించిన పూల ఆంథోనీగారు పేదరికముచే ఏడవ తరగతి పిమ్మట చదువు మానవలసి వచ్చెననియు, మిషనరీల ఆదరణచే మరల బడికి పోగలిగితిననియు స్వయముగ చెప్పియున్నారు. ఆయన 2008లో కర్నూలు మేత్రాణులై, 2020లో హైదరాబాదు అగ్రపీఠమునకు నియమితులై, 2022 ఆగస్టు 27వ తేదీన కార్డినలు పదవి నందిరి. తెలుగువారిలో ఆ పదవి నందిన వారిలో ఆయన మొదటివారు, దళితులలోను మొదటివారు. గన్‌ఫౌండ్రీ దేవాలయము ఆ అగ్రపీఠమునకు ప్రధానాలయము. నాడు ఆ బాలుని ఎవరును చేయిపట్టి బడిలో కూర్చుండబెట్టకుండిన, చిందుకూరులో మరియొక కూలివాడు పెరిగియుండెడివాడు. నేడు అట్టి బాలుడు ఆ దేవాలయము ప్రక్కనున్న ఏ బడికైనను వచ్చి నిలిచిన, వానిని అడుగు మొదటి ప్రశ్న యేమి?

అంకెలు కొన్ని చూడుడు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము 2021లో అల్పసంఖ్యాక పాఠశాలలనుగూర్చి ఒక నివేదికను వెలువరించెను. క్రైస్తవ పాఠశాలలలో నూటికి 74 మంది విద్యార్థులు క్రైస్తవేతరులనియు, అన్ని మతముల అల్పసంఖ్యాక పాఠశాలలను కలిపి చూచిన, సాంఘికముగ ఆర్థికముగ వెనుకబడిన వర్గముల విద్యార్థులు నూటికి 8.76 మంది మాత్రమే యనియు అందు వ్రాసిరి. ఈ బడులను విద్యాహక్కు చట్టము క్రిందికి తేవలయునను పట్టుదలతో వ్రాసిన నివేదిక యది. కావున కొంత తగ్గించి చదివినను తప్పులేదు. మొదటి అంకె మాకు తప్పుగ తోచదు. కతోలిక బడిలో ఇతర మతముల బిడ్డలు చదువుట ఆ బడికి వన్నె. రెండవ అంకెయే బాధించుచున్నది. దానిలో సగము నిజమైనను బాధాకరమే.

కతోలిక సంఘము తనకు తాను పెట్టుకొన్న కొలబద్ద ఇంతకంటె కఠినమైనది. 1965లో రెండవ వాటికను మహాసభ విద్యనుగూర్చి చేసిన ప్రకటనలో, లోకసంపదలు లేనివారిని, కుటుంబపు ఆదరణ లేనివారిని, విశ్వాసము లేనివారిని ప్రత్యేకముగ ఆదరింపుడని పాఠశాలలకు చెప్పబడినది. 1977లో రోమునుండి వెలువడిన కతోలిక పాఠశాలల పత్రము ఇంకను నిష్కర్షగ మాటలాడినది: ధనికుల బిడ్డలనే ప్రధానముగ చూచుకొను బడి వారి ప్రత్యేక స్థానమును నిలుపుటకు తోడ్పడి, న్యాయము లేని సమాజమును పోషించునదగునని. ఏ సోదరుల పేర హైదరాబాదులో బడులు నడచుచున్నవో, వారికి మూలపురుషుడైన లూయీ మరీ ద మోంట్‌ఫోర్టు 1716లో చనిపోవుటకు కొంచెము ముందు ఫ్రాన్సులో లారొషెల్ పట్టణమున పేదబాలురకు రుసుము లేని పాఠశాలలు తెరపించెను. విమర్శకులు బయటినుండి తెచ్చిన కొలబద్దతో పనిలేదు, ఇంటిలోనిదే చాలును.

యాజమాన్యముల ప్రత్యుత్తరమును వినకపోవుట అన్యాయము. ఉపాధ్యాయులకు సరియైన జీతములు ఈయుమందురు, పేదలనుండి రుసుము తీసికొనకు మందురు. రెండును ఎట్లు పొసగును? డబ్బు ఎచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్న న్యాయమైనది. ఒకప్పుడు దీనికి సమాధానము ప్రభుత్వపు గ్రాంటు. 30వ అధికరణపు రెండవ భాగమున, గ్రాంటు లిచ్చుటలో అల్పసంఖ్యాక సంస్థలపై వివక్ష చూపరాదని యున్నది. ఎయిడెడు బడులలో ప్రభుత్వము జీతములు చెల్లించెడిది. బడి తక్కువ రుసుముతో తెలుగు మాధ్యమమున పేదలకు చదువు చెప్పెడిది. ఉపాధ్యాయులు విశ్రాంతి గైకొనిన కొలది ఖాళీలను నింపక ప్రభుత్వములు ఆ బడులను మెల్లగ ఎండబెట్టినవి. 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎయిడెడు సంస్థలను సిబ్బందితోగాని, ఆస్తులతో సహాగాని తనకు అప్పగింపుమని పట్టుపట్టినప్పుడు, విశాఖపట్టణము మొదలగు చోట్ల బడులు మూతపడునని వినబడగనే తల్లులును తండ్రులును వీధికెక్కిరి. కతోలిక బడిని కాపాడుడని కేకవేసిన వారిలో కతోలికులు కానివారే మెండు. ఆ సంవత్సరము నవంబరులో ప్రభుత్వము వెనుకకు తగ్గి, పూర్వస్థితియందే యుండవచ్చునను వికల్పమును యాజమాన్యముల ముందుంచెను.

ఆనాడు వీధికెక్కిన తల్లులు పట్టణపు పెద్ద ఆంగ్ల మాధ్యమపు బడి తల్లులు కారు. రుసుము తక్కువ గనుక, బడి దగ్గర గనుక, పంతులుగారు పిల్లవానిని పేరుపెట్టి పిలుచును గనుక, తమదని భావించిన బడికొరకు వారు ఎండలో నిలిచిరి. పాఠశాలకు సముదాయ మనగా ఇదియే. పూర్వవిద్యార్థుల విందులలో కనబడు సముదాయ మొకటి కలదు, అదియు కావలసినదే. విదేశములలోను స్వదేశములోను ఉన్నతస్థితియందున్న పూర్వవిద్యార్థులు బడికి క్రొత్త క్రీడామండపము కట్టింతురు, ఫలకముపై పేరు చెక్కింతురు. ఆ ధనములో కొంత ఒక నిధిగ చేర్చి, దానినుండి సంవత్సరమునకు కొందరు పేదబాలుర రుసుమును, పుస్తకములను, మధ్యాహ్నపు అన్నమును భరించిన, ఫలకము లేకున్నను లోటు లేదు. యాజమాన్యము అడిగిన ప్రశ్నకు సమాధానము కొంత ప్రభుత్వమునొద్ద, కొంత వీరియొద్ద నున్నది. చెల్లింపగలవాని నుండి ఎక్కువగను, చెల్లింపలేనివాని నుండి తక్కువగను రుసుము తీసికొను పద్ధతియు యోచింపదగినదే. ఒకే బల్లపై కూర్చుండు ఇరువురిలో ఎవరెంత చెల్లించిరో తరగతి పంతులునకు కూడ తెలియనక్కరలేదు.

ఇదంతయు కతోలికుల గొడవ, మనకేల యని చెన్నపట్టణములోను, బెంగుళూరులోను, బరంపురములోను నున్న మన తెలుగు పాఠకు లనుకొనవచ్చును. 30వ అధికరణమును మరల చదువుడని కోరుచున్నాము. మతమును బట్టి యైనను భాషను బట్టి యైనను అల్పసంఖ్యాకులైన వారందరికిని అని యందు గలదు. అల్పసంఖ్యాకు లెవరన్నది రాష్ట్రమును బట్టి లెక్కింపవలయునని 2002లో టి. ఎం. ఏ. పాయి వ్యాజ్యములో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చెను. కావున హైదరాబాదులో తెలుగువానికి ఈ హక్కు లేదు, కతోలికునికి కలదు. మదరాసులో తెలుగువానికి కలదు. అచ్చట డాక్టరు కేసరిగారి పేర వెలసిన పాఠశాలయు, తెలుగువారి ఇతర పాఠశాలలును ఏ నీడన నిలిచియున్నవో, గన్‌ఫౌండ్రీలోని బడియు నా నీడనే నిలిచియున్నది. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము మొదటి భాషగ నిర్బంధమైన పిమ్మట, మన బిడ్డలు పదవ తరగతి పరీక్షలో మాతృభాష వ్రాయుటకు కోర్టులచుట్టు తిరుగవలసి వచ్చినది. 2023లో సుప్రీముకోర్టు మినహాయింపును ఒక్క యేడాదికి పొడిగించిన, అదియే పదివేలనుకొంటిమి. రేపు విస్తృత ధర్మాసనము 30వ అధికరణమును కొంత కుదించిన, ఆ కుదింపు కతోలికునివద్ద ఆగునని మనము నమ్మరాదు. అట్లే, తెలుగువారి పేర నిలిచిన బడిలో కూలిపనికి వలసవచ్చిన తెలుగువాని బిడ్డ ఎందరిలో నొకడుగ నున్నాడో మనమును లెక్క చూచుకొనవలసియున్నది.

కతోలిక మేత్రాణుల సమితి 2024లో తన పాఠశాలలకు కొన్ని సూచనలు పంపెను. ఇతర మతముల విద్యార్థులపై క్రైస్తవాచారములను రుద్దవలదనియు, అన్ని మతములవారును ప్రార్థించుకొన వీలగు మందిరము నొకదానిని ఏర్పరుపుడనియు, ప్రతిదినము ఉదయపు సమావేశమున రాజ్యాంగ పీఠికను చదివింపుడనియు వాని సారాంశము. కొందరు దీనిని భయముచే పుట్టిన జాగ్రత్త యనిరి. భయమువలననే పుట్టినను పని మంచిదే. పీఠికలో స్వేచ్ఛకంటె, సమానత్వముకంటె ముందు పేర్కొనబడినది న్యాయము. అందును సాంఘిక న్యాయము మొదటిది, ఆర్థిక న్యాయము రెండవది. వేయి కంఠములు ఒక్కమారుగ ఆ మాటలు పలుకునప్పుడు, వరుస చివర నిలిచిన ఉపాధ్యాయురాలు వినుచుండును. గేటువద్ద కావలివానియు వినుచుండును. అతని కొడుకు ఏ బడిలో చదువుచున్నాడో మనలో నెందరు అడిగియుందుము?

విస్తృత ధర్మాసనము ఏమి చెప్పునో ఊహించుట మా పని కాదు. 2014 తీర్పు నిలిచినచో బడులు ఊపిరి పీల్చుకొనును. కూలినచో నూటికి ఇరువదియైదు స్థానములు పేదలకు విడువుమని ప్రభుత్వము ఉత్తరువిచ్చును. బడులు అంతవరకు వేచియుండిన, పేదవాని స్థానము బలవంతముచే ఇచ్చినదగును. వాడు లోపలికి వచ్చినను పరాయివాడుగనే వచ్చును. అది వలదందుము. వచ్చు జూను నెలలో ప్రవేశములు ముగిసిన వెంటనే పెద్ద పట్టణములలోని ప్రతి కతోలిక ఉన్నతపాఠశాలయు ఒక కాగితము అచ్చువేసి గేటువద్ద అతికింపవలయును. ఈ యేడు ఎందరిని చేర్చుకొంటిమి, అందు రుసుము పూర్తిగ మినహాయింపబడిన వారెందరు, సగము మినహాయింపబడిన వారెందరు, పల్లె విచారణల నుండి వచ్చినవారెందరు, ఈ బడిలో పనిచేయు ఆయాల, కావలివారి బిడ్డ లెందరు. దాని క్రింద ఉపాధ్యాయుల కనిష్ఠ జీతమును, తొలగింపబడినవాడు మొర పెట్టుకొనవలసిన వారి చిరునామాయును వ్రాయవలయును. అంకె చిన్నదైనను వ్రాయవలయును. తల్లిదండ్రుల సంఘములును పూర్వవిద్యార్థి సంఘములును ఈ కాగితమును అడుగుటకు ఇప్పటినుండియే ఆరంభింపవచ్చును. మేత్రాసనముల విద్యాకార్యదర్శులకు జాబులు వ్రాయుటకు జూను వరకు ఆగనక్కరలేదు.